ఈ మధ్యాహ్నమే మొదలుపెడదాం

(ఇల్లినాయి రాష్ట్రంలోని నేపర్‌విల్‌లో, సెప్టెంబరు నెలాఖరున తెలుగు కుటుంబాలు కలుసుకున్న రోజున, ప్రెయిరీ అనే ఇక్కడి సహజమైన గడ్డినేలల్ని బాగుచేసే పనుల్లో వలంటీరుగా ఉన్న ఒక మిత్రుడు చేసిన ప్రసంగం ఇది. ఆరోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే. పిల్లలు ముందుకి రండమ్మా, మీకు చూపించడానికే ఈ సంచి తెచ్చాను.

ముందు ఇది అందుకోండి. ఒకరి చేతిలోంచి ఒకరికి ఇచ్చుకుంటూ వెళ్లండి. గడ్డి కంకి. వేళ్ల మధ్య కొంచెం నలిపి వాసన చూడండి. తొందరేం లేదు, బాగా చూడండి. ఏం గుర్తొస్తోంది? అదీ, ఆ పెద్దమ్మ చెప్పారు చూడండి. ధనియాలు. అప్పుడే రోట్లో దంచిన ధనియాలు. దీని పేరు ప్రెయిరీ డ్రాప్‌సీడ్. ఇక్కడివాళ్లని అడిగితే చాలామంది వెన్న వేసిన పాప్‌కార్న్ వాసన అంటారు. మన ముక్కుకి మాత్రం ధనియాలే. ఆగస్టులో ఎండ కాసే పూట ఈ గడ్డి మధ్య నిలబడితే నాకు మా అమ్మమ్మ వంటిల్లు గుర్తొస్తుంది.

మీరు రోజూ చూసే పేరే ఈ ప్రెయిరీ. మన రోడ్ల పేర్లలో ఉంది. అపార్ట్‌మెంట్ల పేర్లలో ఉంది. పిల్లల స్కూళ్ల పేర్లలో ఉంది. ఈ రాష్ట్రానికి ముద్దుపేరే ప్రెయిరీ స్టేట్. మరి ఆ ప్రెయిరీ ఎక్కడుంది? ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్నాం కదా, ఎవరైనా చూశారా? నేను ఇక్కడికి వచ్చిన మొదటి నాలుగేళ్లు చూడలేదు. ఆఫీసుకి వెళ్లే దారిలో అటూ ఇటూ మొక్కజొన్న, సోయాబీన్ చేలు. ఇళ్ల ముందు లాన్లు. ప్రెయిరీ అంటే ఇదేనేమో అనుకున్నాను.

కాదు. ఒక లెక్క చెప్తాను. తెల్లవాళ్లు వచ్చి సేద్యం మొదలుపెట్టకముందు ఈ ఇల్లినాయిలో సుమారు 2 కోట్ల 20 లక్షల ఎకరాల ప్రెయిరీ ఉండేది. రాష్ట్రంలో సగానికి పైనే. అందులో నాగలి తగలకుండా, మంచి స్థితిలో మిగిలింది దాదాపు 2,500 ఎకరాలు. మళ్లీ చెప్తాను. 2 కోట్ల 20 లక్షల్లో 2,500. అంటే దాదాపు 9 వేల ఎకరాలకి ఒక్క ఎకరం.

ఎలా పోయింది? నాగలితో పోయింది. ప్రెయిరీ నేల మామూలు నాగలికి లొంగలేదు. వేళ్లు చిక్కుపడి, తడిసిన నల్లరేగడిలా బంకగా అతుక్కునేది. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి ఇక్కడికి రెండు గంటల లోపు దూరంలోనే, గ్రాండ్ డిటూర్ అనే ఊళ్లో, మట్టి అంటుకోని ఉక్కు నాగలి చేశాడు. ఇవాళ ఆకుపచ్చ ట్రాక్టర్ల మీద ఉండే పేరు ఆయనదే. అక్కణ్ణించి ఒక మనిషి జీవితకాలం చాలింది, మొత్తం చేలైపోయాయి. ఆ రైతుల్ని నేను తప్పుపట్టను. మనమూ రైతుల బిడ్డలమే. నాలుగు గింజలు పండే నేల కనిపిస్తే దున్నకుండా ఎవరుంటారు? అయితే ఆ నేల అంత బాగా పండింది ఎందువల్ల? వేల ఏళ్లుగా ఈ గడ్డి వేళ్లు లోపల పుట్టి, లోపలే చచ్చి, ఎరువైనందువల్ల.

ఇదిగో, ఈ పొడుగాటి కాడ చూడండి. బిగ్ బ్లూస్టెమ్. పైన మూడు పాయలుగా చీలింది, కోడి కాలి వేళ్లలాగా. ఇక్కడివాళ్లు టర్కీకోడి కాలు అంటారు. ఇది నాకంటే ఎత్తు పెరుగుతుంది. పైన ఎంతుందో లోపల అంతకంటే ఎక్కువ ఉంటుంది, వేళ్లు ఎనిమిది పది అడుగులు దిగుతాయి. కాంపస్ ప్లాంట్ అని ఇంకొకటి ఉంది, దాని తల్లివేరు 15 అడుగుల దాకా పోతుందంటారు. మీ ఇంటి లాన్ గడ్డి ఒకసారి పీకి చూడండి, వేరు జానెడు కూడా ఉండదు. ఇంకో సంగతి. ఈ బిగ్ బ్లూస్టెమ్ మన జొన్నకి, చెరకుకి చుట్టం. ఒకే తెగ. ఇండియన్ గ్రాస్ అనే గడ్డికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు సోర్‌గాస్ట్రమ్, జొన్నలాంటిది అని దాని అర్థం. మాది నందికొట్కూరు దగ్గర పల్లె. జొన్న చేలల్లో పెరిగినవాణ్ణి. ఆ కంకి మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు, ఎవరూ చెప్పకముందే, ఇది మా ఇంటిదే అనిపించింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నన్ను చాలామంది అడుగుతారు. బాగు చేయడమెందుకండీ, వదిలేస్తే ప్రకృతే చూసుకుంటుంది కదా అని. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. వదిలేస్తే ఏమవుతుందో తెలుసా? బక్‌థార్న్ వస్తుంది. యూరప్ నుంచి కంచెల కోసం తెచ్చిన ముళ్లపొద అది. గడ్డినంతా నీడతో కమ్మేస్తుంది. కింద ఏమీ మొలవదు. ఉత్త మట్టి. ప్రెయిరీ తనంతట తాను బతికే చోటు కాదు. ఎప్పుడూ కాదు. దానికి మంట కావాలి. ఆ మంట కొంత పిడుగుల వల్ల వచ్చేది, చాలావరకు మనుషులే పెట్టేవాళ్లు. పొటవాటమి లాంటి ఇక్కడి ఆదివాసులు. గడ్డి కాలితే లేత చిగురు వస్తుంది, చిగురు కోసం జంతువులు వస్తాయి, దారి తెరిపిగా ఉంటుంది. 1833లో షికాగో ఒప్పందం చేయించి వాళ్లని మిసిసిపీ అవతలికి పంపేశారు. మనుషులు పోయారు, మంట పోయింది. కొన్నాళ్లకి గడ్డీ పోయింది. ఈ మూడూ వేరువేరు కథలు కాదు. పొటవాటమి ప్రెయిరీ బ్యాండ్‌కి ఇక్కడ డికాల్బ్ కౌంటీలో, 1849లో ప్రభుత్వం వేలం వేసేసిన తమ పాత భూమిలో 130 ఎకరాలు 2024లో మళ్లీ దక్కాయి. ఎన్నేళ్లకి? లెక్క వేసుకోండి.

మరి ఆ మిగిలిన 2,500 ఎకరాలు ఎక్కడ మిగిలాయి? నాగలి వెళ్లని చోట. రైలు పట్టాల పక్కన. పాత శ్మశానాల్లో. తొలి రోజుల్లో చనిపోయినవాళ్లని దున్నని ప్రెయిరీలోనే పాతిపెట్టారు, తర్వాత అక్కడ దున్నడానికి ఎవరికీ మనసొప్పలేదు. చుట్టూ మైళ్ల కొద్దీ మొక్కజొన్న, మధ్యలో ఎకరం సమాధులు, ఆ ఎకరంలో వేల ఏళ్లనాటి ప్రెయిరీ. రాబర్ట్ బెట్జ్ అనే జీవశాస్త్రం ప్రొఫెసర్ ఆ శ్మశానాలన్నీ తిరిగాడు. ఎక్కడ ఏ మొక్క ఉందో చూశాడు, వాటిని కాపాడమని ఊళ్లవాళ్లని బతిమాలాడు.

మన పక్కనే బటేవియాలో ఫెర్మీల్యాబ్ ఉంది కదా. ఇక్కడున్నవాళ్లలో కొందరు అక్కడ పనిచేసినవాళ్లే. పరమాణువుల లోపల ఏముందో చూసే చోటు. దానికి మొదటి డైరెక్టరు రాబర్ట్ విల్సన్. పరమాణువుల్లోని కణాల్ని పరుగెత్తించడానికి అక్కడ కట్టిన పెద్ద రింగు లోపల వందల ఎకరాలు ఖాళీగా ఉన్నాయి. బెట్జ్ ఆయన దగ్గరికి వెళ్లి, ఇక్కడ ప్రెయిరీ పెంచుదామన్నాడు. ఎన్నేళ్లు పడుతుందని విల్సన్ అడిగాడు. ఐదు, పది, ఇరవై, ఇంకా ఎక్కువే పట్టొచ్చని బెట్జ్ చెప్పాడు. అయితే ఈ మధ్యాహ్నమే మొదలుపెడదాం అన్నాడట విల్సన్.

నాకు ఈ మాట అంటే ప్రాణం. ఎక్కువ కాలం పడుతుందని మనం పనులు వాయిదా వేస్తాం. ఆయన అదే కారణంతో వెంటనే మొదలుపెట్టమన్నాడు. 1974 శరత్కాలంలో వలంటీర్లు ఆ శ్మశానాల్లో, పట్టాల పక్కన చేత్తో గింజలు ఏరారు. 1975లో చల్లారు. మొదట పది ఎకరాల లోపే. ఇప్పుడు అక్కడ సుమారు వెయ్యి ఎకరాలు. మొదటి ఏడాది ఏరినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్లు ఏరిన గింజల మనవలు, మునిమనవలు ఉన్నాయి.

షికాగో నదికి ఉత్తరపు పాయ ఒకటుంది, నార్త్ బ్రాంచ్. 1977లో స్టీవ్ ప్యాకార్డ్ అనే ఆయన మరికొందరు మామూలు మనుషుల్ని పోగేసి, ఆ పాయ పక్కనున్న ప్రభుత్వ అడవి భూముల్లో ఆదివారాలు పని మొదలుపెట్టాడు. రంపాలు, కత్తెరలు, గోనె సంచులు. జీతం లేదు. ఇవాళ ఈ ప్రాంతంలో ఎక్కడ వలంటీర్ల పనిదినం జరిగినా ఆ ఆదివారాల నుంచి నేర్చుకున్న పద్ధతే.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. 1996లో ఊళ్లవాళ్లు తిరగబడ్డారు. చెట్లు కొట్టేస్తున్నారు, మందు కొడుతున్నారు, అడవి తగలబెడుతున్నారు, మమ్మల్ని అడిగారా అన్నారు. కుక్ కౌంటీలో, మన డుపేజ్ కౌంటీలో పనులే ఆపేయించారు. వాళ్ల కోపంలో న్యాయం లేదా? ఉంది. చెట్టు అంటే ఎవరికి ప్రేమ ఉండదు? నాకే ఒకసారి జరిగింది. మేం బక్‌థార్న్ కొడుతుంటే ఒక పెద్దావిడ కుక్కని తీసుకుని అటు వచ్చారు. ఆగి, ఏడ్చారు. మా ఆయన పోయాక రోజూ ఈ చెట్ల కిందే నడుస్తున్నాను, మీకు ఇవేం చేశాయి అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మా బృందాన్ని నడిపే ఆవిడ రిటైరైన టీచరమ్మ. ఆవిడ రంపం కింద పెట్టి, గ్లవ్స్ తీసి, ఆ పెద్దావిడతో పాటు గంటసేపు నడిచి వచ్చారు. వాదించలేదు. ఆ తర్వాతి ఏడాది మే నెలలో, కొట్టిన చోట షూటింగ్ స్టార్ పూలు వచ్చినప్పుడు, ఫోన్ చేసి పిలిచి చూపించారు. పెద్దావిడ ఇప్పుడు మాతో కలిసి పనిచేస్తున్నారని చెప్తే కథ బాగుంటుంది. కానీ రారు. పలకరిస్తారు, పూలు చూసి వెళ్తారు. అంతే. అది చాలా పెద్ద విషయం.

పని ఎలా ఉంటుందని అడుగుతున్నారు. చెప్తాను. జులై నుంచి నవంబరు దాకా గింజలు ఏరడం. మొదలు ఏరేది ఒకటైతే, చివర ఏరేది ఒకటి, ఒక్కొక్కటి ఒక్కో వారం పండుతుంది. రాలే ముందు పట్టుకోవాలి. అన్నీ ఏరెయ్యకూడదు, పిట్టలకి, నేలకి సగం వదలాలి. మెడకి బకెట్ కట్టుకుని చేత్తో దూసుకుంటూ పోతాం, జొన్న కంకుల్ని దూసినట్టు. తర్వాత కొట్టంలో ఎండబెట్టి, నలిపి, జల్లెడ పట్టాలి.

మూడేళ్ల కిందట మా అమ్మ వచ్చింది ఊరినుంచి. ఇంట్లో తోచక నాతో పాటు కొట్టానికి వచ్చింది. అక్కడ ఫ్యాన్ పెట్టి పొట్టు ఎగరేస్తున్నారు, గింజ కూడా పోతోంది. అమ్మ కాసేపు చూసింది. ఒక వెడల్పాటి ట్రే తీసుకుంది, చేటలాగా పట్టుకుంది, చెరగడం మొదలుపెట్టింది. మీకు తెలుసు ఆ చప్పుడు. గింజ ఇటు, పొట్టు అటు. అంతా పని ఆపి చుట్టూ చేరారు. అమ్మకి ఇంగ్లిష్ రాదు. వాళ్లకి తెలుగు రాదు. ఆ మధ్యాహ్నం అమ్మ ఏడుగురికి చెరగడం నేర్పింది. మణికట్టు పట్టుకుని, ఇలా కాదు, ఇలా అని. ఇప్పటికీ ఆ కొట్టంలో ఆ ట్రే ఉంది, దాని మీద మార్కర్‌తో చేట అని రాశారు. తెలుగు అక్షరాల్లో. రాయించింది నేనే.

ఈ గింజలకి చలి కావాలి. మంచులో తడిసి నెలల తరబడి పడుకుంటే తప్ప చాలావరకు మొలవవు. అందుకే నవంబరు, డిసెంబరుల్లో చల్లుతాం. పిల్లలూ, ఇది మీకు ఇష్టమైన పని, రెండు చేతులా వెదజల్లడం. తర్వాత ఓపిక పట్టాలి. మొదటి ఏడాది నిద్రపోతాయి, రెండో ఏడాది పాకుతాయి, మూడో ఏడాది ఎగురుతాయి అని ఇక్కడ ఒక మాట ఉంది. మొదటి ఏడు పైన ఏమీ కనపడదు, వేళ్లు దిగుతుంటాయి. కలుపు మాత్రం నడుముదాకా వస్తుంది. చూసినవాళ్లు అంతా పాడైందనుకుంటారు. కాంపస్ ప్లాంట్ పూత పూయడానికి చాలా ఏళ్లు పడుతుంది. నా కూతురు రెండో తరగతిలో చల్లిన గింజ మొన్న వేసవిలో మొదటిసారి పూసింది. ఇప్పుడు తను కాలేజీలో ఉంది. ఫోటో పంపాను.

మంట సంగతి. దీనికి శిక్షణ తీసుకున్నవాళ్లే ఉండాలి, అనుమతి ఉండాలి, గాలి ఎటు వీస్తోంది, గాలిలో తేమ ఎంత అని చూసుకోవాలి. చుట్టూ గడ్డి కోసి బాట తీస్తారు, మంట దాటకుండా. ముందు గాలికి ఎదురుగా నెమ్మదిగా కాలుస్తారు. వీపున నీళ్ల డబ్బాలతో మేం నిలబడతాం. ఎత్తు గడ్డికి నిప్పు అంటుకున్నప్పుడు వచ్చే చప్పుడు, పక్కన రైలు పోతున్నట్టుంటుంది. ఇరవై నిమిషాల్లో అంతా నలుపు. మరి గడ్డి చావదా? చావదు. గడ్డి మొలక నేల లోపల ఉంటుంది, పొద మొగ్గ పైన ఉంటుంది. మంట పైనదాన్ని తీసుకెళ్తుంది. పది రోజులు ఆగి వెళ్లి చూడండి, ఆ నల్లటి నేలలో పచ్చటి సూదులు. మంట పెడితే మేలని మొదట పరీక్షించి చూసింది విస్కాన్సిన్‌లో, మాడిసన్ ఊళ్లోని యూనివర్సిటీ అర్బోరేటంలో, అంటే వాళ్ల చెట్ల తోటలో. 1930లలో ఉద్యోగాల్లేని కుర్రాళ్లకి ప్రభుత్వం పని చూపించినప్పుడు, వాళ్ల చేతే అక్కడ పాత పొలంలో ప్రెయిరీ నాటించారు. ఆ తర్వాతి పదేళ్లలో జాన్ కర్టిస్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడ మంట పెట్టి చూశాడు. ఆయన పేరుతోనే ఉంది అది, కర్టిస్ ప్రెయిరీ. రెండున్నర గంటల ప్రయాణం, సెలవుల్లో వెళ్లి రండి.

ఇంకొక్కటి చెప్పాలి, ఇది చెప్పకుండా దిగను. ప్రెయిరీ ఫ్రింజ్డ్ ఆర్కిడ్ అని ఒక తెల్ల పువ్వు ఉంది. రెక్కల అంచు చీర కుచ్చులా ఉంటుంది. 1989 నుంచి కేంద్ర ప్రభుత్వ రక్షణ జాబితాలో ఉంది. సాయంత్రం వాసన వేస్తుంది, రాత్రిపూట ఒక రకం పెద్ద చిమ్మటలు వచ్చి పరాగం మోసుకెళ్తాయి. ఇప్పుడు పువ్వులూ తక్కువ, చిమ్మటలూ తక్కువ. ఎవరు మోయాలి? మనుషులే. అనుమతి ఉన్న వలంటీర్లు పళ్లు కుట్టుకునే పుల్ల తీసుకుంటారు. పువ్వు లోపలికి మెల్లగా పెట్టి తీస్తే, పుల్ల కొసకి పసుపుపచ్చటి చిన్న ముద్ద అంటుకుని వస్తుంది. ఆవగింజంత. దాన్ని ఇంకో మొక్క పువ్వులో ఆనిస్తారు. నేను పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఏ పువ్వుకి ఏది వెళ్లిందో రాసుకున్నాను. జులై ఎండ, దోమలు, ఎవరూ మాట్లాడలేదు. శరత్కాలంలో ఆ కాయ పగిలితే లోపల దుమ్ములాంటి గింజలు, వేల కొద్దీ. ఊపిరి తగిలితే ఎగిరిపోతాయి. ఆ చిమ్మట చేసే పని డెబ్బై ఏళ్ల మనిషి వణికే చేత్తో చేస్తుంటే చూశాను నేను. ఇంతకంటే ఏం చెప్పను?

నచూసా ప్రెయిరీకి వెళ్లండి. డిక్సన్ దగ్గర, 1986 నుంచి ఒక్కో ముక్కా కొని కలుపుతూ ఇప్పుడు సుమారు 4,000 ఎకరాలు. ఒక్కో ముక్కని ఒక్కో వలంటీరు ఇంటి పెరడులా చూసుకుంటారు. 2014లో బైసన్లు, అంటే ఇక్కడి అడవి దున్నలు, వచ్చాయి. జోలియెట్ దగ్గర మిడెవిన్ ఉంది, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల మందు తయారైన నేల. 1996లో దాన్ని ప్రెయిరీకి ఇచ్చేశారు. ఆ పేరు పొటవాటమి మాట, వైద్యం చేసే పెద్దల సంఘం అని.

ఒకరు చీటీ పంపారు. మన ఊళ్లలో ఇలాంటివి లేవా అని. ఉన్నాయండీ. నేను పుట్టిన పల్లెకి దగ్గర్లోనే రోళ్లపాడు ఉంది. బట్టమేక పిట్టల కోసం 1988లో అభయారణ్యం చేశారు. మా చిన్నప్పుడు ఆ గడ్డినేలలో మూడడుగుల ఎత్తు పిట్ట నడుస్తుంటే చూసినవాళ్లు చెప్పేవాళ్లు. ఇప్పుడు అక్కడ కనిపించడమే గగనం. మనం దాన్ని బీడు అన్నాం. చెట్టు లేకపోతే బీడే అన్నాం. అక్కడ చెట్లు నాటడం పుణ్యం అనుకున్నాం. నేనూ స్కూల్లో నాటాను. ఆ నేలకి చెట్లు అక్కర్లేదని, గడ్డే దాని అడవి అని ఎనిమిదివేల మైళ్లు వచ్చాక ఇక్కడివాళ్లు నేర్పారు నాకు. ఇది నాకు బాధగానే ఉంటుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు మా మేనల్లుళ్లని తీసుకుని ఆ గడ్డిలో ఒక పూటంతా తిరిగాను. వాళ్లు ఏడు రకాల గడ్డి తెచ్చారు. మా అమ్మ అన్నిటికీ పేర్లు చెప్పింది. రాసుకున్నాను.

సరే, టైం అయిపోతోంది. వచ్చే శనివారం పొద్దున తొమ్మిదికి ఇండియన్ గ్రాస్, రాటిల్‌స్నేక్ మాస్టర్ అనే మొక్కల గింజలు ఏరుతున్నాం. పొడుగు చేతుల చొక్కా, బూట్లు, నీళ్లు తెచ్చుకోండి. పెద్దవాళ్లు కొట్టంలో నీడలో కూర్చుని చెరగొచ్చు, చేటలు మూడు ఉన్నాయి. ఏదైనా తెలియకపోతే ఏరే ముందు అడగండి. బకెట్లు తలుపు దగ్గర పెట్టాను, వెళ్లేటప్పుడు ఇంటికొకటి తీసుకెళ్లండి. ఆ ధనియాల కంకి ఎవరి దగ్గరుందో ఇటు ఇచ్చేయండమ్మా, దాంట్లో ఇంకా గింజలున్నాయి.